చోటు మారిన చీటి

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఎండాకాలంలో, నన్ను పర్ణశాల వైపు మండలానికి ఏపీఎంగా, అంటే మహిళా సంఘాల పనులు చూసే అధికారిగా వేశారు. చేరిన వారానికే పేదల గుర్తింపు పని మీద పడింది.

పద్ధతి ఇది. ఊరివాళ్ల మధ్య నేల మీద సుద్దతో నాలుగు సున్నాలు గీస్తాం: ఉన్నవారు, మధ్యరకం, పేదలు, నిరుపేదలు. ఇంటికో చీటి. ఏ చీటి ఎందులో పెట్టాలో సంఘం ఆడవాళ్లే తేలుస్తారు. మేకలకైనా ఇంటికైనా సాయం ముందు అందేది నిరుపేదలకే. అందుకే కలిగినవాళ్లు కూడా ఆ రోజు పాత చీర కట్టుకొస్తారు. నోరున్నవాళ్లు లేనివాళ్ల చీటీలను పై సున్నాలోకి నెట్టేస్తారు. నేను కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాసేవాణ్ణి.

అడవి అంచున ఒక గూడెంలో కన్నమ్మ అనే కూలి మనిషి చీటి నిరుపేదల్లోంచి పేదల్లోకి మారింది. వెనక్కి పెట్టాను. ఇటు తిరిగి టీ తాగేలోగా మళ్లీ మారింది. నాకు అసలే ముక్కు మీద కోపం. సంఘం అధ్యక్షురాలి పనే అనుకుని, లేనిదాని కడుపు కొడతారా అని ఆమెను అందరి ముందూ కడిగేశాను. ఆమె బిత్తరపోయింది.

అప్పుడు వెనక వరసలోంచి కన్నమ్మ లేచింది. "ఆమెనేం అనకు సారూ. నేనే జరిపిన."

ఎందుకని అడిగాను.

"నా బిడ్డకు భద్రాచలం దవాఖానాల నర్సు నౌకరి వచ్చింది. మొన్ననే చేరింది. ఇంకా నన్ను నిరుపేదంటే దానికి ఇజ్జత్ ఏముంటది?"

అలాంటి ఉద్యోగాలు ఏడాది కాంట్రాక్టువేనని, ఇప్పుడు పేరు పోతే రావాల్సిన మేకలు కూడా పోతాయని, మళ్లీ జాబితా ఎప్పుడు వేస్తారో నాకే తెలియదని చెప్పాను.

"పోతే పోనీ. పుట్టినకాన్నుంచి గా సున్నాలనే ఉన్న. జర పక్కదాంట్ల కూసోనీ సారూ!"

గూడెమంతా గొల్లున నవ్వింది. నేనూ ఆపుకోలేకపోయాను.

పేరు చేర్చమనే దరఖాస్తు మా దగ్గర ఉంది గానీ, తీసెయ్యమనేది ఏ ఫైల్లోనూ లేదు. తెల్ల కాగితం మీద నేనే రాశాను. కన్నమ్మ ఒక్కో అక్షరం దిద్దుతూ సంతకం పెట్టింది. నా సర్వీసులో అంత సంతోషంగా మరే కాగితం మీదా ముద్ర వేయలేదు. అధ్యక్షురాలికి క్షమాపణ చెప్పాను. చెప్పేదాకా ఆమె వదల్లేదు కూడా.

లేనివాళ్లను ఎలా గుర్తించాలో మాకు శిక్షణలో నేర్పారు. లేమి దాటిన సంగతి మాత్రం ఆ ఇంటివాళ్లను అడిగి రాసుకోవాలని ఆ గూడెంలోనే తెలిసింది. ఆ తర్వాత ప్రతి ఊళ్లోనూ చీటీలు పెట్టడం అయ్యాక, పైకి జరిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు. అయినా ఆ మూడేళ్లలో ఇద్దరు లేచారు.