సాయిలన్న సభలో చప్పట్లు

గాలి ఇటు తిరిగితే చాలు, ఘాటైన మందుల వాసన ఇంట్లోకి వచ్చేస్తుంది. ఇవాళ పొద్దున బియ్యం కడుగుతుంటే వచ్చింది. కిటికీ వేస్తూ ఫ్యాక్టరీని తిట్టబోయి, ఎప్పటిలాగే సాయిలన్నను తిట్టాను. వెంటనే నాలుక కరుచుకున్నాను. ఆ బియ్యం కడిగే నది నీళ్ళు తెచ్చింది కూడా ఆయనే కదా! చనిపోయిన మనిషి మీద ఇంత కోపం, ఇంత ప్రేమ ఒక్కసారే ఎట్లా పుడతాయో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మాది మర్రిగూడ దగ్గర ఊరు. బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ వల్ల మా అత్త నడుము చిన్న వయసులోనే వంగిపోయింది. సాయిలన్న అప్పటికింకా మండల నాయకుడే. మా మగ్గాల వాడలో పది దాకా చదివిన కోడలిని నేనొక్కదాన్నే కాబట్టి, కలెక్టరుకిచ్చే దరఖాస్తులు నాతోనే రాయించేవాడు. మొదటిసారి కష్టాలు, కన్నీళ్ళు అంటూ పేజీ నింపాను. ఆయన చదివి నవ్వాడు.

"ఏడుపు రాస్తే సార్లు పక్కకు పెడ్తరు చెల్లె. మీ అత్త ఎన్నేండ్ల సంది నిలువుగ నిలబడలేదో గది రాయి."

అత్తను అడిగి రాశాను. ఒకే ఇంట్లో ఉంటూ అప్పటిదాకా ఆమెను ఆ మాట అడగనే లేదని సిగ్గేసింది.

తెలంగాణ వచ్చింది. ఆయన ఎమ్మెల్యే అయ్యాడు. కొన్నాళ్ళకు మా నల్లాలో నది నీళ్ళు వచ్చాయి. ఊరంతా ఆయనకు జిందాబాద్ కొట్టాం. అత్త మాత్రం ఒక గ్లాసు తాగి, "సప్పగున్నయ్" అంది.

ఆ తర్వాత మందుల ఫ్యాక్టరీ మాట వచ్చింది. దాని మురికి మళ్ళీ భూమిలోకే దిగుతుందని మా భయం. జనం అభిప్రాయం వినడానికి అధికారులు టెంటు వేసి సభ పెట్టారు. ఫ్యాక్టరీ వద్దని నేను రాసిన దరఖాస్తు మీద దాదాపు ఊరంతా సంతకాలు చేసింది. చదవాల్సింది నేనే. అంతకుముందే సాయిలన్న లేచాడు.

"నీళ్ళు తెచ్చిన. ఒట్టి నీళ్ళు తాగి పిలగాండ్లు బతుకుతరా? నౌకరీలు వద్దా? ఫ్యాక్టరీ రావాలె."

ఆయన ఆగీ ఆగకముందే వెనక నుంచి ఎవరో "సాయిలన్న" అన్నారు. "జిందాబాద్" అని టెంటంతా మోగింది. ఏళ్ళ అలవాటు మరి. ఆయన మాట ఆపితే మేం చప్పట్లు కొట్టాలి, ఏం చెప్పాడన్నది తర్వాతి సంగతి. వద్దని సంతకం చేసినవాళ్ళే కొట్టారు. అయ్యో, నేనూ కొట్టాను! ప్రజలు హర్షధ్వానాలతో ఆమోదించారని అధికారి రాయించుకున్నాడు. ఆ తర్వాత నేను దరఖాస్తు చదివితే, దాన్ని ఫైలులో అడుగున పెట్టుకున్నాడు.

మర్నాడు సాయిలన్న ఇంటికి వెళ్ళాను.

"ఏందన్నా గిట్ల చేసినవ్? మా అత్త నడుము మరిచినవా?"

"మరువలే. నాకు తోచింది నేను చెప్పిన. మీరు లేచి లొల్లి పెడితే ఆగుదునేమో." కాసేపు నా మొహంలోకి చూశాడు. "చప్పట్లు నేను కొట్టుమన్ననా చెల్లె?"

ఎగతాళి కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాను.

ఫ్యాక్టరీ వచ్చింది, కొన్నేళ్ళకు ఆయన పోయాడు. మంచివాడా, మమ్మల్ని ముంచాడా అని ఊళ్ళో ఇంకా కొట్లాడుకుంటారు. నేను రెండు వైపులా మాట్లాడి అందరితో తిట్లు తింటాను. దరఖాస్తులు మాత్రం ఆయన నేర్పినట్టే రాస్తాను. ఇక ఏ సభకు వెళ్ళినా, మాట్లాడేది ఎవరైనా సరే, నా రెండు చేతులూ కొంగులో చుట్టుకుని గట్టిగా పట్టుకుని కూర్చుంటాను.