ఇంజన్‌కొక మాట, మోకాలికొక మాట

శానా ఏళ్లుగా మాకు కూడు పెడతాండే లారీ ఈ పొద్దు ఎత్తు ఎక్కలేక, పొగలు కక్కుకుంటా కమలాపురం షెడ్డుకు చేరింది. ఇంజన్ లోపలంతా అరిగిపోయి బోరుకొచ్చిందని మెకానిక్ ఖాజా తేల్చినాడు. ఉన్న ఇంజన్‌నే విప్పి బోరు చేయించాలా, లేకపోతే సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెచ్చి కూర్చోబెట్టాలా అని మా ఆయన్ని అడిగినాడు. టిఫిన్ క్యారియర్ తీసుకుపోయిన నేను పక్కనే ఉండాను.

మా ఆయన ఎడమకాలు చాపుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఏళ్ల తరబడి క్లచ్ తొక్కి తొక్కి ఆ మోకాలు అరిగిపోయింది. మార్పించుకోమని కడప డాక్టరు చెప్తే, దేవుడిచ్చిన కాలును కోయించుకునేది లేదని రోజూ నువ్వుల నూనె రుద్దించుకుంటాండాడు. రుద్దేది నేనే.

“మార్చేయప్పా ఖాజా. అరిగిపోయినదానికి ఎంత రిపేరు చేసినా మూణ్ణాళ్ల ముచ్చటే” అన్నాడు, అన్నీ తెలిసినోని మాదిరి.

“ఏమయ్యా, నీ మోకాలికి డాక్టరు చెప్పింది కూడా ఇదే మాట గదా?” అన్నాను.

ఖాజా పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. మా ఆయన కుంటుకుంటా బండి కాడికి పోయి దాని మీద చెయ్యి పెట్టినాడు.

“వద్దులే ఖాజా. పాపం, ఇన్నేళ్లు మోసింది. బోరే చేయించు.”

మోకాలికి ఒప్పుకుంటాడేమో అనుకుంటే, ఇంజన్‌ను కూడా తన పార్టీలో కలుపుకున్నాడు. లారీ పని రేపు మొదలు పెడతారంట. నా చేతిలో ఇప్పుడు నూనె గిన్నె ఉండాది. ఇంత మొండి బండి మీ ఇంట్లో కూడా ఉంటే, దాన్ని షెడ్డుకు ఎట్ల తోలినారో చెప్పండి.