హీటు మీటరులో లైటు

నా లోపలి చీకటినంతా ఎరిగి కూడా నన్ను తన పనిలో ఉంచుకున్న దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన దయ లేకపోతే ఈ సంగతి మీకు నవ్వుతూ చెప్పుకునే స్థితిలో నేను ఉండేవాణ్ణి కాదు.

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. పెనుకొండ దగ్గర ఒక పల్లెలో మా సంఘానికి ఉన్న పాత జీపును నడిపేవాణ్ణి. ఆదివారం పొద్దున పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి. దేవుణ్ణి ఎంత గట్టిగా నమ్మేవాణ్ణో, మనుషులను అంత గట్టిగా అనుమానించేవాణ్ణి. కొట్టులో తూకం మీద అనుమానం, బస్సు కండక్టరు చూపు మీద అనుమానం, ప్రార్థనలో కళ్లు మూసుకోమన్నప్పుడు పక్కవాడు నిజంగా మూసుకున్నాడా అని అనుమానం (అది చూడడానికి నేను కళ్లు తెరవాల్సి వచ్చేదన్న సంగతి అప్పట్లో నాకు తట్టలేదు).

ఆ ఎండాకాలం జీపులో ఇంజను వేడి చూపించే మీటరు చచ్చిపోయింది. మా వైపు ఎండలకు, గుట్టల దారులకు అది లేకుండా బండి తోలడమంటే కళ్లు మూసుకొని బావి గట్టున నడవడమే. అయ్యగారు (మా పాస్టరు గారిని అందరం అలాగే పిలుస్తాం) కంపెనీది కాకుండా బయట దొరికే కొత్త మీటరు ఒకటి తెప్పించారు. దాన్ని సోమందేపల్లెలో ఒక ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన మీటరును అటూ ఇటూ తిప్పి, "మీటరు బిగించేది పెద్ద పని కాదప్పా. లోపలి లైటు వైరు ఉండాది చూడు, దాన్ని పార్కింగ్ లైటు స్విచ్చి కాడికి తీసకపోవాల. డాష్‌బోర్డు విప్పాల. సగం దినం పడతాది" అన్నాడు.

ఒక్క వైరుకు సగం దినమా! అమాయకుణ్ణని చూసి బేరం పెంచుతున్నాడనుకున్నాను. మీటరు తీసుకొని తిరిగొచ్చేశాను. ఫోన్‌లో రెండు వీడియోలు చూసి (మూడోది కూడా మొదలుపెట్టాను గానీ, అతను ఏదో స్క్రూడ్రైవర్ అమ్మబోతున్నాడని అనుమానం వచ్చి ఆపేశాను) నేనే బిగించాను. లైటు వైరును స్విచ్చి దాకా లాక్కుపోవడం ఎందుకని, చేతికి దగ్గరగా ఉన్న హారన్ వైరుకు చుట్టి టేపు వేశాను. పని కోసం విప్పిన బ్యాటరీని మళ్లీ తగిలించి, తాళం తిప్పి చూస్తే మీటరు ఎర్రగా వెలుగుతోంది. స్తోత్రం అని గట్టిగా అరిచాను. తర్వాత జీపును మా ప్రార్థన గుడి పక్క రేకుల షెడ్డులో పెట్టి, కొత్త మీటరుకు దుమ్ము పట్టకుండా దాని మీద నా తువ్వాలు కప్పాను.

మా జీపు బుధవారం పల్లెల్లో ప్రార్థన కూటాలకు పోయేది, మళ్లీ ఆదివారమే కదిలేది. ఆ శనివారం కడుగుదామని తాళం తిప్పితే 'కట్' అని ఒక్క శబ్దం. బ్యాటరీ చచ్చింది. చార్జింగ్ పెట్టించాను. తర్వాతి శనివారం మళ్లీ అదే. అప్పుడు నాకు అర్థమైపోయింది. ఎవరో బ్యాటరీలోని కరెంటు వాడుకుంటున్నారు.

ఎవరో అని ఊరికే అంటున్నాను గానీ, నా మనసులో మనిషి సిద్ధంగానే ఉన్నాడు. మైకు మామ. కూటాల్లో మైకు సెట్టు చూసుకునేది ఆయనే; శనక్కాయ చేను చేసుకునే మనిషి. ఆయన ఇంటి గోడా, మా షెడ్డు గోడా ఒకటే. కూటం మధ్యలో కరెంటు పోతే జీపు బ్యాటరీకి క్లిప్పులు తగిలించి మైకు నడిపించిన అనుభవం ఊళ్లో ఆయనకొక్కడికే ఉంది. పైగా ఒకరోజు ఊరంతా కరెంటు పోయినప్పుడు ఆయన ఇంట్లో మాత్రం బల్బు వెలగడం నా కళ్లతో చూశాను. ఇంకేం కావాలి?

బానెట్‌కు నల్లదారం కట్టి, నాకు మాత్రమే తెలిసిన ముడి వేశాను. మూడో శనివారం చూస్తే దారం చెక్కుచెదరలేదు, బ్యాటరీ మాత్రం చచ్చింది. బుద్ధి ఉన్నవాడైతే అక్కడ ఆగేవాడు. నేను మాత్రం, "అమ్మా, నా ముడి కూడా నేర్చుకున్నాడు!" అనుకొని నేరుగా అయ్యగారి దగ్గరికి పోయి, అక్కడ కూర్చున్న నలుగురి ఎదుటే చెప్పేశాను.

మరుసటి రోజు నెలలో మొదటి ఆదివారం, ప్రభువు బల్ల, అంటే అందరం కలిసి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. మనసులో పగ పెట్టుకున్నవాళ్లు సమాధానపడకుండా బల్ల దగ్గరికి రాకూడదన్నది మా సంఘంలో కట్టుబాటు. అయ్యగారు మామను పిలిపించారు.

మామ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఏమప్పా, నేను దొంగనా? మా ఇంట్లో ఎలిగేది చార్జింగ్ బల్బు. సంతలో తెచ్చుకున్నా. పదహైదేండ్లు ఈ గుడికి మైకు పట్టినా. రేపు బల్లకు రాను, మైకూ ముట్టను. నువ్వే అరుసుకో."

ఇదంతా నటన కావచ్చులే అనుకున్నాను.

అయ్యగారు ఎవరి పక్షమూ మాట్లాడలేదు. "ఇద్దరూ కలిసి ఆ బ్యాటరీ తీసకపోయి చార్జింగ్ పెట్టించుకోని రాండి. సాయంత్రానికి సమాధానమైతే సరే, లేకపోతే రేపు ఇద్దరూ బల్లకు దూరమే" అన్నారు.

బ్యాటరీని గోనెసంచిలో వేసి, చెరో కొస పట్టుకొని నడిచాం. ఆటోలో ఆయన ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో బ్యాటరీ. వచ్చేటప్పుడు బస్టాండు నుంచి గుడి దాకా ఎండలో మళ్లీ మోశాం. ఒకచోట నా చెయ్యి జారబోతే, ఆయన బరువంతా తన వైపు లాక్కున్నాడు. దాన్ని కూడా అనుమానించబోయాను గానీ, ఏమని అనుమానించాలో తెలియలేదు.

షెడ్డులో బ్యాటరీ దించి టెర్మినల్స్ బిగించాను. మామ చెమట తుడుచుకుందామని జీపులోకి చెయ్యి పెట్టి తువ్వాలు లాగాడు. లాగి, లోపలికి తొంగిచూశాడు.

"అల్లుడా, తాళం యాడుండాది?"

"నా జేబులో."

"మళ్ల ఇదేందప్పా, నిప్పుకణం మాదిరి ఎలుగుతాండాది?"

తాళం లేకుండానే మీటరు ఎర్రగా వెలుగుతోంది. హారన్ వైరుకు తాళంతో పని లేదని, దానికి ఎప్పుడూ కరెంటు ఉంటుందని నాకప్పుడు తట్టింది. నేను పెట్టిన లైటు, నేను కప్పిన తువ్వాలు కింద, మూడు వారాలుగా రేయింబవళ్లు వెలుగుతూ ముసలి బ్యాటరీని తాగేసింది. నేను అక్కడే నేల మీద కూలబడి, "మామా, నన్ను క్షమించు" అన్నాను.

"ఈడ చెప్తే సాలదు. నన్ను దొంగన్నది ఊరంతా ఇనింది గదా? ఇది కూడా ఇనాల" అన్నాడు మామ.

ఆదివారం ఆరాధనలో నేను లేచి నిలబడి, నేలను చూస్తూ ఏదో గొణిగాను. మామ తన చోటు నుంచి లేచాడు. మైకు స్టాండు నా నోటికి సరిగ్గా ఎత్తు చేసి, రెండుసార్లు ఊది చూసి, గుడి పైన ఊరి వైపు తిప్పి ఉన్న లౌడ్‌స్పీకరుకు శబ్దం పెంచి, "ఊఁ, ఇప్పుడు చెప్పు. తాపీగా చెప్పు, తొందర ల్యాదు" అన్నాడు. చెప్పాను. చేలల్లో పనిచేసుకునేవాళ్లు కూడా విన్నారని తర్వాత తెలిసింది. బల్ల దగ్గర ఇద్దరం పక్కపక్కనే మోకరించాం. కళ్లు మూసుకున్నాక మామ నా చెవిలో, "వైరు పీకినావా?" అన్నాడు. "పీకినా మామా" అన్నాను. "నమ్మినా" అన్నాడు. ఆరాధన ముగియగానే నేరుగా షెడ్డులోకి పోయి, వంగి చూసొచ్చాడు.

తర్వాత సోమందేపల్లె ఎలక్ట్రీషియనే ఆ వైరును సరైన చోట కలిపాడు. నిజంగానే సగం దినం పట్టింది.

ఇప్పుడు నేనూ ఒక చిన్న సంఘానికి కాపరిని. ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు పట్టుకొని నా దగ్గరికి వస్తారు. వాళ్లకు బుద్ధి చెప్పబోయే ముందు, నల్లదారానికి అంత శ్రద్ధగా ముడి వేస్తున్న ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. ఇది చదువుతున్న మీరు కూడా, ఎవరి మీదైనా రుజువు లేని అనుమానం మోస్తుంటే, వాళ్ల పేరు మనసులో తలుచుకొని నాతోపాటు ఒక్క నిమిషం తల వంచండి: తండ్రీ, మేము తప్పుగా తలచినవాళ్లను నీవు దీవించు, వాళ్ల ఎదుట నిలబడి ఆ మాట ఒప్పుకునే ధైర్యం మాకివ్వు. ఆమెన్.