వెడల్పు మూతి సీసా

కోవూరు బజారులో మిక్సీలు బాగుచేసే స్వర్ణకు ఒక రోగం ఉంది. ఏ వస్తువైనా ఎందుకు తిరుగుతోందో, ఎందుకు ఆగిపోయిందో తెలుసుకునేదాకా ఆమెకు అన్నం సయించదు. పెళ్ళిలో ఎవరో చదివించిన గోడ గడియారాన్ని మూడోనాడే విప్పి పరుపు మీద పరిచిన మహాతల్లి. అత్తగారు లబోదిబోమంటే, "ఉండత్తా, మళ్ళా పెడతాగా" అందట. పెట్టింది కూడా. రెండు మరలు మిగిలాయి గాని, గడియారం ఇప్పటికీ తిరుగుతోంది. తండ్రి నరసయ్య పోయాక ఆయన కొట్టు నడిపేది ఆమే. "ఆడమనిషి మోటారు చుడుతుందా?" అని మూతి విరిచినవాళ్ళే ఇప్పుడు పండగకు నాలుగు రోజుల ముందుగా మిక్సీలు తెచ్చి వరసలో పెడుతున్నారు.

నవంబరు ఆఖర్లో ఒక పొద్దున మగ్దలీనమ్మ వచ్చి బల్ల మీద గులాబీరంగు సీసా ఒకటి పెట్టింది. నీళ్ళ సీసా లాంటిదే, అడుగున చిన్న బ్లేడు, ఛార్జింగు బ్యాటరీ ఉన్నాయి. ఎక్కడికైనా పట్టుకుపోయి జ్యూసు చేసుకోవచ్చని ఆమె కొడుకు ఫోన్లో చూసి తెప్పించాడు.

"ఇది అన్నం తిప్పడంలేదు స్వర్ణా. బాగుచెయ్యి" అంది. గొంతు బొంగురు.

ఆ గొంతుకు ఒకప్పుడు నాలుగు మళ్ళ అవతలిదాకా వినపడే సత్తా ఉండేది. ఇరవై ఏళ్ళుగా నాట్ల ముఠాకు మగ్దలీనమ్మే పెద్ద. పన్నెండు మంది ఆడవాళ్ళు ఏ రైతు మడిలో ఎప్పుడు దిగాలో ఆమె చెబితే అదే. పోయినేడు గొంతులో క్యాన్సరు గడ్డ అని తేలితే ఆసుపత్రిలో కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. జబ్బు పోయింది గాని, దాంతోపాటు మింగుడూ పోయింది. మెత్తగా జారిపోయేదే లోపలికి దిగుతుంది. ఒక్క మెతుకు అడ్డం పడినా పొలమారి కళ్ళు తేలేస్తుంది. అదీ రెండు గంటలకొకసారి కొంచెం కొంచెంగా తాగాలి. ఇంట్లో మిక్సీ ఉంది, సరే. మడిగట్టు మీద కరెంటు ఎక్కడిది? పొద్దున్నే రుబ్బి తీసుకుపోతే పది గంటలకల్లా అడుగున గడ్డ, పైన నీళ్ళు.

స్వర్ణ సీసాను విప్పి చూసి మళ్ళీ బిగించింది.

"దీనికేం జబ్బు లేదక్కా. ఇది అరటిపండు కోసం పుట్టింది, అన్నానికి కాదు."

"అయితే అన్నానికి పుట్టేది నువ్వు చెయ్యి. పది రోజుల్లో నాట్లు మొదలవుతుండాయి. ఈసారి కూడా ఇంట్లో కూర్చుంటే ముఠా ఇంకొకరి చేతికి పోతుంది. అంత మాత్రానికి ఆ కరెంటు పెట్టించుకుని బతకడమెందుకు?" అని లేచి, గుమ్మం దగ్గర ఆగింది. "ఒక్క మాట. మూతి వెడల్పుగా ఉండాల. గరిటె పట్టాల."

"తాగేదానికి గరిటెందుకక్కా?"

"పెట్టమంటే పెట్టుమే. అన్నీ నీకు చెప్పాల్నా?"

అంతే, వెళ్ళిపోయింది. స్వర్ణకు ఇక తోచుబాటు లేదు. అన్నం ఎందుకు తిరగదు అన్నది ఒకటి, గరిటె ఎందుకు అన్నది ఒకటి.

మిక్సీ మెకానిక్కుకు ఏ జబ్బు చూసినా మోటారు జబ్బులాగే కనిపిస్తుంది. బలం చాల్లేదు, అంతే అనుకుంది. ఒక వడ్రంగి బాగుచేయమని ఇచ్చి, 'ఇక వద్దు, నువ్వే ఉంచుకో' అని వదిలేసిన బ్యాటరీ డ్రిల్లు మూలన పడి ఉంది. దాంట్లోంచి మోటారు, బ్యాటరీ తీసింది. ముందుకూ వెనక్కూ తిప్పే మీట ఒకటి దానికి ఉంటే, కత్తిరించి చెత్తడబ్బాలో పారేసింది. మిక్సీ అన్నది ఒక్క వైపే తిరగాలి. వెనక్కి తిప్పితే బ్లేడు మర ఊడి చేతికొస్తుంది. నాన్న దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం అది. మోటారును బోరు పైపు ముక్కలో దించి, పైన పాత చట్నీ జారు అడుగును బ్లేడుతో సహా బిగించి, దాని మీద ఊరగాయల ప్లాస్టిక్ సీసాను అడుగు కోసి అతికించింది. గరిటె దూర్చి చూసింది. పట్టింది. ఎందుకబ్బా అనుకుంది మళ్ళీ.

ఆరో రోజున మగ్దలీనమ్మ ఎదుటే పెరుగన్నం వేసి మీట నొక్కింది. సీసా బుయ్యిమంది. అన్నమంతా గోడలకు ఎగబాకింది, నడిమధ్య గుంట పడింది, ఆ గుంటలో బ్లేడు ఉత్త గాలిలో తిరుగుతోంది. మొండిగా ఇంకాసేపు నొక్కింది. తీరా మూత తీసి చూస్తే మెతుకులు మెతుకులుగానే ఉన్నాయి, బ్లేడు చుట్టూ మాత్రం నిమ్మకాయంత వెన్న! గేదె పెరుగు మరి, ఊరుకుంటుందా?

"ఏందిమే, అన్నం తిప్పమంటే వెన్న తీసినావు!" అని నవ్వబోయి మగ్దలీనమ్మ దగ్గులో పడింది. దగ్గు తగ్గాక ఇక నవ్వలేదు. "నాలుగు రోజులే ఉండాది" అని చీర చెంగుతో మూతి తుడుచుకుని వెళ్ళిపోయింది. స్వర్ణకు తల కొట్టేసినట్టయింది.

చెప్పకూడదు గాని, మిక్సీ స్వర్ణ ఇంట్లో మజ్జిగ మాత్రం కవ్వంతోనే. తల్లి వెంకటశేషమ్మ మిక్సీని పెరుగు దాపులకు రానివ్వదు. మర్నాడు పొద్దున ఆ తల్లి తాడు లాగుతూ చిలుకుతుంటే, స్వర్ణ కాఫీ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూలబడింది. కవ్వం ఒక వైపు తిరిగింది. మజ్జిగ అంచుకు లేవబోయింది. అంతలోనే కవ్వం వెనక్కి తిరిగింది, లేచిందంతా నడుమకు విరిగి పడింది. మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. గుంట పడడానికి సందే లేదు.

"అమ్మా, ఒక్క పక్కే తిప్పు చూద్దాం."

"నీకేమన్నా తిక్కా? ఒక్క పక్కే తిప్పితే తాడు అయిపోదూ? మజ్జిగంతా కుండెక్కి కారిపోదూ?"

"ఓసి నా మొహం మండ!" అని స్వర్ణ లేచిన ఊపుకు కాఫీ ఒలికింది. పుట్టినప్పటినుంచీ ఎదురుగా కనిపిస్తున్నదే, ఒక్కనాడైనా చూస్తేగా!

కొట్టుకు పరుగెత్తి చెత్తడబ్బా బోర్లించింది. అరిగిపోయిన మోటారు కార్బన్ ముక్కల కింద ఆ మీట దొరికింది. బ్లేడు ఊడకుండా అడ్డంగా మేకు దిగ్గొట్టింది, ఎటు తిరిగినా తెగేలా రెండు అంచులూ నూరింది, మీటను మళ్ళీ అతికించింది. ఇటు నొక్కితే ఇటు, అటు నొక్కితే అటు. అర నిమిషంలో అన్నం పాలలాగా జారింది. వెన్న పుట్టేందుకు వ్యవధే లేదు. స్వర్ణ తాగి చూసి, ఒక్క మెతుకైనా నాలుకకు తగలకపోయేసరికి, కొట్టులో ఒక్కతే చప్పట్లు కొట్టింది.

నాట్లు మొదలైన రోజు కొట్టు మూసి తనూ మడి దగ్గరికి వెళ్ళింది. సీసా ఎట్లా పనిచేస్తుందో చూడాలని కొంత, ఆ గరిటె సంగతేందో తేల్చుకోవాలని ఎక్కువ. మగ్దలీనమ్మ పది గంటలకు గట్టెక్కి పెరుగన్నం తిప్పుకుని తాగి, ఏమీ జరగనట్టే మళ్ళీ బురదలో దిగింది. మాట వినపడకపోతే చేత్తో చూపించి వరస సరిచేసింది.

మధ్యాహ్నం అందరూ గట్టు మీద కూర్చుని క్యారియర్లు విప్పారు. ఆ ముఠాలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి కూర వాళ్ళే తినకూడదు, తలా ఒక గరిటె పక్కవాళ్ళకు పెట్టాల్సిందే. మగ్దలీనమ్మ సీసా మూత తీసి, ముందు పెట్టుకుని, స్వర్ణ వైపు తిరిగింది.

"పోయినేడు ఒకనాడు ఊరికే చూసిపోదామని వచ్చినా. నా ముందర తినలేక వీళ్ళంతా అటు తిరిగి కూర్చుని తిన్నారుమే. ఇరవై ఏళ్ళు నా కంచంలో కూర పెట్టినోళ్ళు నాకు వీపులు పెట్టినారు. ఆనాటినించి మళ్ళా రాలా."

స్వర్ణకు అప్పుడు గరిటె ఎందుకో తెలిసింది.

ముఠాలో మొదట లేచింది ఏంజెలిన్ అనే ఆమె. "పప్పు అక్కా, మిరపకాయ తీసేసినా" అని సీసాలో ఒక గరిటె వేసింది. రాఘవమ్మ సొరకాయ కూర వేసింది. ఇంకొకామె వేళ్ళతో నలిపి నలిపి చూసి, "ముల్లు లేదులే" అని పులుసుతో సహా చేప ముక్క వేసింది. మగ్దలీనమ్మ మూత బిగించి, ఇటు నొక్కింది, అటు నొక్కింది. పన్నెండు మందీ తినడం మాని ఆమె ఎదురుగా కూర్చుని చూస్తున్నారు. ఆమె మూత తీసి, నిదానంగా రెండు గుక్కలు మింగింది. పొలమారలేదు. కళ్ళలో మాత్రం నీళ్ళు.

"ఎట్లుండాదక్కా?" అంది ఏంజెలిన్.

"కుడితి మాదిరుండాది" అని సీసా ముందుకు చాపింది మగ్దలీనమ్మ. "ఇంకొంచెం పులుసు పొయ్యి."