నాడి మేస్త్రీ అరచెయ్యి

టీ చల్లారిపోయి వస్తోందని మేస్త్రీ సణగడం మొదలుపెట్టి చాలాకాలమైంది. "ఇది టీయా, గిన్నె కడిగిన నీళ్లా?" అంటాడు. "మన పొయ్యి అలాంటిది" అంటుంది భార్య. పొయ్యితో పోట్లాడలేడు కనుక గ్లాసు ఖాళీ చేసి షెడ్డుకి వెళ్లిపోతాడు.

కార్లు బాగుచేసే ఆయన్ని అందరూ నాడి మేస్త్రీ అంటారు. బానెట్ ఎత్తి, ఇంజను మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుంటాడు. లోపల ఏది వదులైందో, ఏది అరిగిందో చెయ్యి చెప్పేస్తుంది. చెప్పేసేది అనాలి. ఈమధ్య అది నోరు విప్పడం లేదు. ముందు వేళ్ల కొసలు, ఆ తర్వాత వేళ్లు, చివరికి అరచెయ్యి, దూది చుట్టి కుట్టేసినట్టు మొద్దుబారిపోయాయి. నట్టు చేతిలో ఉందో జారిపోయిందో చూసుకుంటే గానీ తెలియదు.

ఎవరికీ చెప్పలేదు. నాడి తెలియని నాడి మేస్త్రీ దగ్గరికి బండి ఎవడు తెస్తాడు? షెడ్డు మూసుకోవాల్సిందే. భయపడాల్సిన సంగతేనని తెలుసు గానీ భయం కూడా దూదిలోంచే వస్తున్నట్టు ఉండేది. చెయ్యి ఆనించడం, కళ్లు మూసుకోవడం మాత్రం మానలేదు. సగం జబ్బులు చెవికి తెలుస్తాయి. మిగతా సగం బండి తెచ్చినవాడే ఆపకుండా చెప్పేస్తాడు.

అలా బండి లాగించేస్తుండగా వియ్యంకుడు వచ్చిపడ్డాడు.

వియ్యంకుడు రిటైరైన గుమాస్తా. ఆయనకి గుండ్రటి బుగ్గల పాతకాలం కారొకటి ఉంది. దాని ఇంజను ఏనాడో కన్నుమూసింది. అయినా రోజూ తుడుస్తాడు, అప్పుడప్పుడు ఇరుగుపొరుగు చేత వీధి చివరిదాకా తోయించి, స్టీరింగు పట్టుకుని కూర్చుని వాళ్లకి టాటా చెబుతాడు. ఇప్పుడు దానికి సరిపోయే ఇంజను దొరికిందట. పాతదే, బోరు చేయించి, పిస్టన్లు మార్చి, మళ్లీ బిగించిందట.

"మీరు చెయ్యేసి ఊఁ అంటే కొనేస్తాను బావగారూ. మీ చెయ్యే నాకు గ్యారంటీ" అన్నాడు.

మేస్త్రీ తన చేతికేసి చూసుకున్నాడు. కూతుర్నిచ్చిన చోట కాదనడానికి సాకు తోచలేదు. "సరే పదండి" అన్నాడు.

వియ్యంకుడు ఎక్కడికైనా ముందే చేరే మనిషి. పెళ్లికి వెళితే షామియానా వేసేవాళ్లకి గుంజలు అందిస్తాడు. ఆ రోజూ చెప్పిన వేళకన్నా బాగా ముందే పాత ఇంజన్ల గోడౌన్లో దిగారు. అమ్మేవాడు ఏదో తుడుస్తున్నవాడల్లా ఉలిక్కిపడ్డాడు.

"అయ్యో, అప్పుడే వచ్చేశారా! కాసేపు కూర్చోండి, కూల్‌డ్రింకు తాగండి."

"పని చూసుకుని తాగుదాం" అన్నాడు వియ్యంకుడు.

ఇంజను ఇనప స్టాండు మీద కొత్త రంగుతో నిగనిగలాడుతోంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూడటమే అసలు పరీక్ష. వేడెక్కిన ఇంజను ఎంత ముసలిదైనా బుద్ధిగా తిరుగుతుంది. ముందే వేడిచేసి ఉంచడం అమ్మేవాళ్లకి తెలిసిన విద్యే.

"దీన్ని కదిపి చాలా రోజులైంది మేస్త్రీగారూ. మీ ముందే స్టార్ట్ చేద్దామని అట్టే పెట్టాను" అన్నాడు అమ్మేవాడు, చెమట తుడుచుకుంటూ.

మేస్త్రీ పొగగొట్టం పక్కన అరచెయ్యి పరిచి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. అలవాటుగా తల పంకించాడు.

"చల్లగానే ఉంది" అన్నాడు.

అమ్మేవాడు కళ్లు పెద్దవి చేశాడు.

వియ్యంకుడికి తృప్తిగా ఉంది. "చూశారా, ఎంత నింపాదిగా చూస్తారో! ఊరికే వచ్చిందా ఆ పేరు?" అన్నాడు. ఇంతలో ముక్కు ఎగబీల్చి, "ఏదో మాడుతున్నట్టు లేదూ?" అన్నాడు.

మేస్త్రీ ఇంకా నాడి చూస్తూనే ఉన్నాడు.

అమ్మేవాడు ఇక తట్టుకోలేకపోయాడు. "చెయ్యి తియ్యండి మహాప్రభో! కాలిపోతోంది!" అని అరిచి, ఆయన మణికట్టు పట్టుకుని లాగేశాడు.

"కాలడమేమిటి? చాలా రోజులుగా కదపలేదన్నారుగా?" అన్నాడు వియ్యంకుడు.

"పొద్దున్న కాస్త తిప్పానండీ. మీరొచ్చేసరికి పైపైన చల్లారిపోతుందనుకున్నా. ఇంత ముందొస్తారని కలగన్నానా?" అని, అమ్మేవాడు మేస్త్రీ వైపు తిరిగాడు. "ఒకపక్క కాలుతుంటే చల్లగా ఉందంటారేమిటండీ మీరు? నా గుండె ఆగిపోయింది!"

అరచెయ్యి ఎర్రగా కమిలి, బొబ్బ లేస్తోంది. ముగ్గురూ దానికేసి చూశారు. మేస్త్రీ కూడా, పక్కింటివాళ్ల చేతిని చూసినట్టే చూశాడు. ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోవాలి కాబోలు అనుకున్నాడు. ఎదురుచూశాడు. సిగ్గు రాలేదు.

"నాకు తెలియలేదు బావగారూ. చాన్నాళ్లుగా ఈ చేతులకి ఏమీ తెలియడం లేదు" అన్నాడు, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

వియ్యంకుడు ఆయన్ని కొళాయి దగ్గరికి తీసుకెళ్లి, చెయ్యి చల్లబడేదాకా నీళ్ల కింద పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత తన తెల్లటి రుమాలు తడిపి చుట్టాడు. ఇస్త్రీ మడత విప్పడానికి కూడా ఒప్పుకోని రుమాలది.

"పోదామా?" అన్నాడు.

"ఆయిల్ చూడలేదింకా. మీ చెయ్యి ఇలా ఇవ్వండి."

మేస్త్రీ చెప్పినట్టే వియ్యంకుడు ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి, కొసన ఉన్న చుక్కని రెండు వేళ్ల మధ్య రాశాడు. జన్మలో గ్రీజు తగలని వేళ్లు.

"ఎలా ఉంది?"

"జారుడుగా ఉంది. కాదు కాదు... ఉండండి. సన్నగా ఇసకలా గరగరమంటోంది."

"లోపల బేరింగులు అరుగుతున్నాయి. అది లోహం పొడి. వద్దు."

అమ్మేవాడు కూల్‌డ్రింకు మాట కూడా మళ్లీ ఎత్తలేదు.

ఆటోలో వియ్యంకుడు తన నల్లటి వేళ్లని దూరంగా పెట్టుకుని కూర్చున్నాడు.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"ఉండాలి కదా బావగారూ!" అన్నాడు కోపంగా. "రేపు మీతో డాక్టరు దగ్గరికి వస్తున్నాను. ముందే వస్తాను, తెలుసుగా" అన్నాడు. కారు గురించి మాట్లాడలేదు. దాన్ని ఇంకొన్నాళ్లు తోయించుకోవాల్సిందే.

ఇంట్లో భార్య రుమాలు చూసింది. ఏమైందని అడగలేదు. లోపలికెళ్లి టీ పెట్టింది. తలుపు తీసే ఉంది. మేస్త్రీకి వంటిల్లు కనిపిస్తోంది. పొయ్యి మీద టీ తెర్లుతోంది, పొగలు కక్కుతోంది. ఆమె దాన్ని గ్లాసులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి గ్లాసులోకి పైకెత్తి తిరగబోసింది. గ్లాసుని తన బుగ్గకి ఆనించుకుని చూసుకుంది. మళ్లీ తిరగబోసింది. మళ్లీ ఆనించుకుంది. అప్పుడు తెచ్చి ఆయన రెండో చేతికి అందించింది.

మేస్త్రీ పెదవులకి ఆనించుకున్నాడు. గోరువెచ్చగా ఉంది.

"పొయ్యి అలాంటిది" అంది ఆమె, ఆయనింకా ఏమీ అనకముందే.

"ఊఁ" అన్నాడు, మొత్తం తాగేశాడు.