ఎండ రాని వారం

పడవ మమ్మల్ని దింపి వెళ్లిపోయింది. అండమాన్ వైపు చిన్న దీవి. నీళ్ల పీపాలు, బియ్యం, రేడియో సెట్టు, మేమిద్దరం. నేను అక్కడి సర్కారు స్థావరంలో రేడియో నడిపే మనిషిని. శ్రీకూర్మం దగ్గర చేపలుపట్టే ఇంటివాణ్ని. వంటా కాపలా చూసే అప్పన్నది రామతీర్థం పక్క పల్లె, వరి పండించే కుటుంబం. మా ఊళ్లలో అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు వచ్చిన రోజులవి. అక్కడ టవరే లేదు.

రేకుల గదిమీద సోలార్ పలకలు. వెనక ఇనపస్తంభానికి గాలిమర. రెండూ కలిసి రేడియో బ్యాటరీలను నింపేవి. ఎండాకాలమంతా పలకలే మమ్మల్ని పోషించాయి. పొద్దున్నే ఉప్పు తుడిస్తే చాలు. గాలిమర గోల చేసేది, తుప్పు పట్టేది. అయినా అప్పన్న నిద్రపోతే ఆ గోలే నాకు తోడు.

"సోలారు మా పెద్దావు లాగ, మావా. సప్పుడు సెయ్యకుండా పాలిస్తాది," అనేవాడు.

వానాకాలం వచ్చింది. వారం రోజులు ఎండ లేదు. ఈదురుగాలికి రెక్కలు విరుగుతాయని, ఆర్డరు ప్రకారం మరను తాడుతో కట్టేశాం. బ్యాటరీలు అడుగంటాయి. అప్పుడే అప్పన్నకు కడుపునొప్పి మొదలైంది. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతోంది. మోకాళ్లు ముడుచుకుని మూలుగుతున్నాడు. రేడియో నొక్కితే గరగర. తర్వాత అదీ లేదు.

"తాడిప్పేయ్, మావా."

"రెక్కలిరిగిపోతే?"

"ఇరగనీ, మావా. నాను సచ్చిపోతన్నాను."

తాడు కోసేశాను. స్తంభం ఊగిపోయింది. కాసేపటికి సెట్టులో దీపం వెలిగింది.

"మనిషి ప్రాణం మీదికొచ్చింది. హెలికాప్టర్ పంపండి."

"మబ్బు విడితే బయల్దేరుతుంది. సెట్టు ఆపకు," అంది అటువైపు గొంతు.

సెట్టు ముందు కూర్చుని, మర తిరిగే చప్పుడు వింటూ ఉండిపోయాను. సాయంత్రానికి మబ్బు విడింది. హెలికాప్టర్ నెత్తిమీదికి వచ్చేసరికి ఒక రెక్క విరిగి సముద్రంలో పడింది. మర ఆగిపోయింది. అప్పన్నను స్ట్రెచర్‌కు కట్టి పైకి లాగారు.

ఆపరేషన్ చేశారు. బతికాడు. ఎండ వచ్చి పలకలు పనిచేశాక ఆ కబురు విన్నాను. వేరేవాళ్లు వచ్చేదాకా దీవిలో నేనొక్కణ్నే. పలకలు మాట్లాడవు. అవసరం లేకపోయినా రేడియోలో వాతావరణం అడిగేవాణ్ని, ఒక మనిషి గొంతు వినడానికి.

ఇంటికి వచ్చేశాను. ఊళ్లో కరెంటు పోయినప్పుడల్లా మా బావమరిది అడుగుతాడు.

"బావా, మేడమీద సోలారెట్టాలా, గాలిమరెట్టాలా? ఏటంటావు?"

"సోలారే ఎట్టు. ఈ కొబ్బరిసెట్ల మజ్జిన గాలి సరిగ్గా తగల్దు. ఎండకి లోటు నేదు," అంటాను.

అంటాను గానీ, నా కళ్లముందు ఆ స్ట్రెచర్ పైకి వెళ్తూనే ఉంటుంది. దాని అంచు మీంచి అప్పన్న చెయ్యి బయటికొచ్చి, వేలితో గాలిలో సున్నా చుడుతోంది. మర తిరుగుతోందా అని అడుగుతున్నాడు.

తిరుగుతోందని నేను చెయ్యి ఊపాను.