గౌరి రాయి విసరలేదు

ఒక చిన్నపిల్ల మీద నేను వేసిన నింద ఇన్నేళ్లూ నా గుండెల మీద బరువుగా ఉండిపోయింది. మొన్నటిదాకా మా ఆయనకు కూడా చెప్పలేదు. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

ఆయనది స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం. గోదావరి వైపు నుంచి వచ్చి కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నాం. కాపలాకని రాజా అనే కుక్కను పెంచాం. పెంచాం అనడం కూడా అబద్ధమేనేమో. పొద్దస్తమానం వరండాలో గొలుసుతో కట్టేసి, ఇంత అన్నం పడేసేవాళ్లం. పాలబ్బాయి మీదికి రెండుసార్లు ఎగబడింది. నేను నవ్వాను. మా కుక్కంటే వీధంతా హడలని లోలోపల గర్వపడ్డాను కూడా.

పక్కింటి నూకరత్నం కూతురు గౌరికి అప్పుడు ఆరేళ్లు. ఆ రోజు నేను గేటు గడియ వేయలేదు. రాజా అన్నం తింటోంది. గౌరి బిస్కెట్ పట్టుకుని లోపలికొచ్చి దాని తల నిమరబోయింది. వంటింటి కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. ఆగమని అరవాల్సింది. పోపు మాడుతోందని పొయ్యి వైపు తిరిగాను. మళ్లీ చూసేసరికి ఆ పిల్ల ముంజేయి రాజా నోట్లో ఉంది.

నూకరత్నం పరుగెత్తుకొచ్చింది. "ఏటయిందక్కా? ఊరికే కరిసేసిందేటి?"

"ఊరికే ఎందుకు కరుస్తుంది? మీ పిల్లే రాయి విసిరింది," అన్నాను.

"నాను రాయెయ్యలేదమ్మా!" అని గౌరి ఏడ్చింది.

రక్తం కారుతున్న పిల్లను వాళ్లమ్మ నా ఎదుటే రెండు దెబ్బలు వేసింది. నేను ఆపలేదు.

ఎందుకన్నాను ఆ మాట? రాజాకు టీకా వేయించలేదని బయటపడుతుందనా? తప్పు నాదేనని వీధిలో అంటారనా? రెండూనేమో. గౌరికి సూదులు వేయించారు, గాయం మానింది, కొన్నేళ్లకు రాజా ముసలిదై చచ్చిపోయింది. కుక్క మీద రాయి విసిరిన పిల్ల అన్న పేరు మాత్రం గౌరికి అలాగే ఉండిపోయి, వినీ వినీ చివరికి తనే దాన్ని నమ్మేసింది.

నమ్మిందని నాకు మొన్ననే తెలిసింది. గౌరి పుట్టింటికి వచ్చింది. ఎదురింటివాళ్లు కట్టేసిన కుక్క ముందు గిన్నె పెట్టారు. గౌరి కూతురు దాని దగ్గరికి నడుస్తోంది. గౌరి గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. "బయపడకే. నాను సిన్నప్పుడు రాయేసేను కాబట్టి కరిసింది. మనం ఏటీ సెయ్యకపోతే అదీ ఏటీ సెయ్యదు."

నా అబద్ధం ఆ పసిదానికి పాఠమైంది. ఈసారి అరిచాను. వెళ్లి పిల్లను వెనక్కి లాగాను. అక్కడే, నూకరత్నం వింటుండగానే, జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

గౌరి చాలాసేపు తన ముంజేతి మీద మచ్చను చూసుకుంది. "అయితే ఆ రోజు నాను సెప్పింది నిజమేనన్నమాట," అంది. నూకరత్నం లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

ఎదురింటివాళ్లు కుక్కకు టీకా వేయించి, గేటుకు గట్టి గడియ పెట్టించేదాకా నేను వదల్లేదు. వీధిలో పిల్లలు కనబడితే ఆపి చెబుతున్నాను: తింటున్న కుక్కను, కట్టేసిన కుక్కను ముట్టుకోవద్దు, ఏ కుక్కనైనా పెంచేవాళ్లను అడగందే తాకొద్దు, మీదికొస్తే పరుగెత్తకుండా కదలకుండా నిలబడండి. నీకెందుకింత పట్టింపని పెద్దవాళ్లు అడిగితే, గౌరి సంగతి పూర్తిగా చెబుతున్నాను. ఇక ముందు కూడా చెబుతాను.

నూకరత్నం నాతో మాట్లాడటం లేదు. క్షమించమని నేను అడగలేదు, అడిగే మొహం నాకు లేదు. అయినా చెప్పాక ఊపిరి తేలికగా ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.